అద్దకం ఇంట్లో డచ్చి దొరసాని

బందరులో మా పేట చివర ఒక పాత పెంకుటిల్లుంది. చీకటి పడ్డాక దాని పక్కనుంచి ఎవరూ నడవరు. లోపల డచ్చి దొరసాని ఉందంటారు. ఉప్పెన నాడు గదిలో చిక్కుకుని, ఇప్పటికీ తలుపు బాదుతూనే ఉందంటారు... ధబ్... ధబ్...

అంటారేమిటి, అన్నది నేనే. చరిత్ర లెక్చరరుగా రిటైరై, సొంత డబ్బుతో ఊరి చరిత్ర పుస్తకం వేశాను. పాత గోడ కనిపిస్తే చాలు, దొరలకు రాసిచ్చేయడం నా జబ్బు. ఆ ఇంటి దగ్గర వచ్చే పుల్లటి తుప్పు వాసనను ఆరని నెత్తురన్నాను. వెనక సందులోకి ఒక్కసారి తొంగిచూసిన పాపాన పోలేదు. జనం చదివింది ఆ ఒక్క పేజీయే.

మొన్న రాత్రి ఎనిమిదింటికి ఆ గుమ్మం ముందే నా స్కూటర్ ఆగిపోయింది. కరెంటు లేదు. లోపల — ధబ్... ధబ్...

నేను పుట్టించిన దెయ్యమే కదా, నాకేం భయం అనుకున్నాను. అనుకుంటూనే స్కూటర్ తోసుకుని పోబోయాను.

చప్పుడు ఆగింది. తలుపు కిర్రుమంది. చీకట్లోంచి ఎవరో మెల్లగా —

"రామబ్రహ్మం మాస్టారేనా..."

నేను పెట్టిన కేక సంగతి ఇక్కడ రాయను.

లోపలి ఎమర్జెన్సీ లైటును ఇటు తిప్పింది. ఆ ఇంట్లో బట్టల మీద అద్దకం పని చేయించే జహీదా; వెనక సందులోంచే వచ్చిపోతుందట. మళ్లీ బల్ల దగ్గరికెళ్లి చెక్క అచ్చును రంగులో అద్ది, గుడ్డ మీద పెట్టి పిడికిలితో గుద్దింది. ధబ్. మూలన కుండలో నల్లరంగు కోసం బెల్లం, తుప్పు ఇనుము నానుతున్నాయి. ఇల్లు కట్టింది వాళ్ల తాతట. దొరలు ఓడలకెత్తిన గుడ్డలు అద్దింది ఆయన పూర్వీకులట. వాళ్లలో ఒక్కరి పేరూ నా పుస్తకంలో లేదు.

"మీరు రాశాక పనివాళ్లు చీకటి పడితే ఉండట్లేదండీ," అంది. "పొద్దున్నే సరుకు పంపాలి. ఈసారి తప్పితే ఇంక ఆర్డరు ఇవ్వరు."

సిగ్గుతో చచ్చిపోయాను. చొక్కా చేతులు మడిచి నేనూ ఒక అచ్చు అందుకున్నాను. చింకి గుడ్డ మీద పదిసార్లు గుద్దించి చూశాకే నాకు అంచు అప్పగించింది. అర్ధరాత్రికి పని ముగిసింది.

పొద్దున్న ఆవిడ పనివాడు కోటయ్యను టీ కొట్టు దగ్గర పట్టుకున్నాను. దెయ్యం లేదు, నేను రాసింది తప్పు, ఇకనుంచి సాయంత్రాలు ఉండవయ్యా అని బతిమాలాను.

కోటయ్య గ్లాసు దించి నావైపు జాలిగా చూశాడు.

"రాత్రి లోపల జహీదమ్మ ఒక్కతే ఉందండీ. అయినా ఒకేసారి రెండు చప్పుళ్లు విన్నాం... దొరసానికి తోడుగా దొర కూడా వచ్చేశాడు. పాపం, మీకూ పట్టినట్టున్నాడు. లేకపోతే మీ పుస్తకం తప్పని మీరే అంటారా?"