మెత్తని మేత

"సీనియర్ గారూ, తినేవాళ్ళని అలా గుడ్లప్పగించి చూస్తే ముద్ద దిగుతుందా దానికి?"

జపాన్‌లోని నీగాతా దంత వైద్య కళాశాలలో, మా ల్యాబ్‌లో అడుగుపెట్టిన మొదటి రోజే మినోరి నన్ను అడిగిన మాట అది. నేను బోనులో ఎలుకను చూస్తున్నాను.

"ఎంతసేపు తింటుందో లెక్క చూస్తున్నాను. మాట్లాడకు."

"ఓహో, సంబంధం కుదిరిందేమో అనుకున్నా."

ఒళ్ళు మండింది. అయినా చెప్పాను. దవడ కీలు నొప్పిగా ఉంటే ఎలుక తిండి మానదు, అదే తిండిని ఎక్కువసేపు తింటుంది. ఎన్ని నిమిషాలు పెరిగితే అంత నొప్పి. నా మందు ఇచ్చిన ఎలుకలు మళ్ళీ త్వరగా తినేస్తున్నాయి. అదే నా పీహెచ్‌డీ.

"పాపం, నోరు తెరిచి చెప్పుకోలేవు కదా" అంది, ఈసారి నవ్వకుండా. అక్కడే పడిపోయాను.

వానలు పడినన్నాళ్ళూ ఒకే గొడుగు కింద నూడుల్స్ కొట్టుకు వెళ్ళాం. ఒక సాయంత్రం ధైర్యం చేసి నోరు తెరవబోతే, గొడుగు నా చేతిలో పెట్టి, "డాక్టరయ్యాక అడగండి. అప్పుడు ఆలోచిస్తా" అంటూ వానలో పరుగెత్తింది. సగం జవాబు వచ్చేసిందనుకున్నాను.

వైవాకు మూడు వారాల ముందు రెండు మేత బిళ్ళలు తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"నొక్కి చూడండి."

ఒకటి రాయిలా ఉంది. రెండోది వేళ్ళ మధ్య పొడి అయిపోయింది.

"మందు ఇచ్చిన ఎలుకలకు పెట్టింది ఈ మెత్తని కొత్త మేత. మందు ఇవ్వనివాటికి ఆ గట్టిది. వాటికీ మెత్తనిదే పెట్టి చూశా. అవీ అంతే త్వరగా తిన్నాయి. మీ మందు పనిచెయ్యలేదు, సీనియర్ గారూ."

"ఎవరికైనా చెప్పావా?"

"మీకే."

"నాలుగేళ్ళ కష్టం, మినోరీ!"

"నేను చెప్పను. మీరే చెప్పండి. చెప్తారు కదా?"

తల ఊపాను.

వైవాలో మా ప్రొఫెసర్ ఒగాతా సర్ అడిగారు. "అన్నిటికీ ఒకే మేత పెట్టావా?"

వెనక వరసలోంచి మినోరి నన్నే చూస్తోంది.

"అవునండీ" అన్నాను. ఆమె తల దించుకుంది.

పట్టా వచ్చింది. అడగాల్సింది అడిగాను.

"మీరు అబద్ధం చెప్పారు. నేను నోరు మూసుకున్నాను. రేపు కాపురం చేసినా ఒకరి మొహంలో ఒకరికి కనిపించేది అదే" అంది. ఆ నెలలోనే సకాటా వెళ్ళి ఒక ఆసుపత్రిలో చేరిపోయింది.

రెండేళ్ళకు, నా ఫలితం నమ్మి ఆ మందును మనుషుల మీద పరీక్షించబోతున్నారని విన్నాను. ఇక ఉండబట్టలేక జరిగిందంతా ఉత్తరంలో రాసి సర్‌కు ఇచ్చాను. పట్టా రద్దయింది. ఆ ఉత్తరం నకలు పట్టుకుని సకాటా రైలెక్కాను.

మినోరి టీ పోసి, ఉత్తరమంతా చదివింది. ఆమె కళ్ళలో నీళ్ళు చూసి నాకు ఆశ పుట్టింది.

"నాకు ముందే తెలుసన్న సంగతి ఇందులో లేదేం?"

"నీ పేరు రానిస్తానా?" గర్వంగానే అన్నాను.

"నన్ను అడిగారా?"

చేతిలోని టీ కప్పు కింద పెట్టాను.

"మళ్ళీ దాచారు. ఈసారి నా కోసమట!" ఉత్తరం మడిచి నా ముందు పెట్టింది. "వెళ్ళండి."

ఆ వారమే, తనకు ముందే తెలుసంటూ తనే సర్‌కు ఉత్తరం రాసింది. ఆమె ఉద్యోగం పోయింది. తెలిసి ఫోన్ చేశాను. ఎత్తుతుందనుకోలేదు.

"ఎందుకు చేశావ్ ఇలా?" అన్నాను.

"ఎన్నాళ్ళకో హాయిగా నిద్రపట్టింది" అంది. "మీరు బాగుండాలి, సీనియర్ గారూ. ఇంకెప్పుడూ ఫోన్ చెయ్యకండి."

"సరే" అన్నాను. ఆమెకిచ్చిన మాటల్లో నేను నిలబెట్టుకుంటున్నది అదొక్కటే.