తొట్టిలో బరువు

ఉదయం ఎనిమిదింటికి వ్యాపారి ఒక చేత్తో టీ గ్లాసు, ఇంకో చేత్తో వేలం కేటలాగు పట్టుకుని వంటింటి బల్ల ముందు కూర్చున్నాడు. పాత బండ్లు వేలంలో కొని, బాగుచేసి అమ్మడం అతని పని. ఇరవై రెండేళ్లుగా అదే బతుకుతెరువు. కేటలాగులో నచ్చినదాని పక్కన పెన్సిలుతో చుక్క పెడతాడు. మరీ నచ్చితే పేజీ తిప్పేస్తాడు. మనసుపడి కొన్నవాడు అమ్మేనాడు ఏడుస్తాడని అతని నమ్మకం.

ఎదురుగా భార్య ఒక ఇత్తడి హారన్‌ని పాత బనియన్ గుడ్డతో తోముతోంది. ఆ ఇంట్లో గిన్నెలకన్నా హారన్లే ఎక్కువ మెరుస్తాయి.

"వంటింట్లోకి సామాను తేవద్దని చెప్పేదీ నేనే, తోమేదీ నేనే," అంది.

"నీ చెయ్యి పడితే ధర పెరుగుతుందే."

"ఆ చేతికి మీరు కట్టిన ధరేమిటో ఎప్పుడూ చెప్పలేదు." అంటూనే ఆవిడ ఆగిపోయింది. "ఆ పేజీ వెనక్కి తిప్పండి."

తిప్పాడు. నలభై ఒకటో నంబరు, పాత మోటారు సైకిలు, నడిచే స్థితిలో ఉంది. నలభై రెండో నంబరు, సైడ్‌కార్, విడిగా. బొమ్మలో దాని సీటు మీద అరచేతంత ఆకుపచ్చ రెక్సిన్ అతుకు కనబడుతోంది.

"ఆ అతుకు మా అమ్మ వేసింది," అంది ఆవిడ. "ఇది నాన్న బండి."

ఆవిడ తండ్రి కాటాల మేస్త్రి. దుకాణం దుకాణం తిరిగి త్రాసులూ కాటాలూ సరిచేసేవాడు. ఆయన మోటారు సైకిలుకి పక్కన తగిలించిన సైడ్‌కార్‌ని పిల్లలిద్దరూ తొట్టి అనేవాళ్లు. సామాను తక్కువగా ఉన్నరోజు తొట్టి తేలిపోయి, మలుపు తిరిగేటప్పుడు దాని చక్రం నేల వదిలేసేది. అందుకని సెలవు రోజుల్లో కూతుర్నీ కొడుకునీ అందులో కూర్చోబెట్టుకుని తిరిగేవాడు. "నా తూకపు రాళ్లు వీళ్లు," అని దుకాణదారులకి చెప్పుకునేవాడు. ఆయన పోయి మూడేళ్లయింది. బండి తమ్ముడి ఇంటి షెడ్డులో ఉందనే ఆవిడ ఇన్నాళ్లూ అనుకుంటోంది.

హారన్ బల్లమీద పెట్టి ఫోన్ తీసింది. స్పీకర్ నొక్కింది.

"ఒరేయ్, నాన్న బండి ఎక్కడుంది?"

"అక్కా, బడికి టైమవుతోంది..." అన్నాడు తమ్ముడు. బళ్లో లెక్కలు చెబుతాడు.

"బడి ఎక్కడికీ పోదు. బండి ఎక్కడికి పోయిందో చెప్పు."

"వేలానికి ఇచ్చాను. ఇల్లు మారుతున్నాం అక్కా, అక్కడ షెడ్డు లేదు."

"నాకో మాట చెప్పడానికి నోరు లేదా? సరే, అమ్మావు. బండినీ తొట్టినీ విడగొట్టి అమ్మడమేమిట్రా? నరికి కిలోల లెక్కన అమ్మలేకపోయావా?"

"విడగొట్టమన్నది బావగారే!"

ఆవిడ ఫోన్ పెట్టేసి మొగుడి వంక చూసింది. అతని చేతిలో టీ చల్లారిపోయింది.

అప్పటికి గుర్తొచ్చింది అతనికి. రెండు నెలల కిందట జీపు కింద పడుకుని నట్లు విప్పుతుంటే బావమరిది ఫోన్ చేశాడు. ఒకరి దగ్గర పాత బండుంది, సైడ్‌కార్‌తో సహా, కలిపి అమ్మితే మంచిదా విడివిడిగానా అన్నాడు. "విడగొట్టమను. బండి కావలసినవాడు వేరు, సైడ్‌కార్ కావలసినవాడు వేరు. కలిపితే ఒక బేరం, విడగొడితే రెండు," అని జీపు కిందనుంచే చెప్పేశాడు. ఎవరి బండి అని అడగలేదు. సరుకు ఎవరిదని ఆరా తీయకపోవడం వాళ్ల వ్యాపారంలో మర్యాద.

"వాడు మీ నాన్నదని చెప్పలేదే!"

"మీరు అడగలేదు. జత విడగొట్టడం మహాపాపం అని మొన్న ఆ డాక్టరుగారికి అంతసేపు చెప్పింది మీరేగా? పాత దీపాల జతతో సహా జీపు అమ్మినరోజు?"

"అది కొనేవాడికి చెప్పేమాట..." అనేసి నాలిక కరుచుకున్నాడు.

"ఓహో! కొనేవాడికో మాట, అమ్మేవాడికో మాట. మరి పెళ్లానికి ఏ మాటండీ?"

అతను చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. "కేటలాగు అచ్చయ్యాక అడిగినా వెనక్కి ఇవ్వరు. రేపే వేలం. నేను వెళ్లి రెండూ పాడతాను. నువ్వు రావద్దు. వేలానికి మనసు తీసుకొస్తే గెలవలేం," అన్నాడు.

"మీది ఇంట్లో పెట్టి రండి. నాది నేను తెచ్చుకుంటా."

* * *

వేలం జరిగేది రేకుల కప్పున్న పెద్ద గోదాములో. వరసగా పాత కార్లు, ఒక లారీ, పెట్రోలు బంకు పంపులు, గడియారాలు. ప్రతిదానికీ దారంతో కట్టిన అట్టముక్క, దానిమీద నంబరు. పాట మొదలవడానికి ముందు గంటసేపు అందరినీ చూడనిస్తారు.

బండి ఒక మూలన ఉంది, తొట్టి ఇంకో మూలన. కలిపి ఉంచిన నాలుగు బోల్టులూ ఊడదీసి, చిన్న డబ్బాలో పోసి తొట్టికి కట్టారు. ఆవిడ తొట్టి దగ్గర కూర్చుని అతుకు తడిమింది. సీటు పైకెత్తింది. కింద రెండు మందపాటి గుడ్డ సంచులు, నిండా ఇసుక. మూతులు అమ్మ కుట్టులాగే ఉన్నాయి. సంచులమీద తండ్రి రంగు కుంచెతో రాసిన అక్షరాలు. ఒకదాని మీద 'అక్క, 26'. రెండోదాని మీద 'తమ్ముడు, 19'.

పిల్లలు బడికెళ్లిన రోజుల్లో ఆయన ఎలా తిరిగేవాడో ఆవిడ ఎప్పుడూ ఆలోచించలేదు. వాళ్లిద్దర్నీ తూచి, అంతే ఇసుక పోసి, వాళ్లు కూర్చునే చోటే పెట్టుకుని తిరిగేవాడన్నమాట. అర కిలో అటూ ఇటూ ఒప్పుకోని మనిషి.

"చూశారా?" అంది. "సీటు ఎత్తికూడా చూడలేదు వాడు. బండితో పాటు నన్నూ అమ్మేశాడు, తననీ అమ్మేసుకున్నాడు. నలభై రెండో నంబరు కింద!"

గోదాము మనిషి పరుగున వచ్చాడు. "అమ్మా, సరుకు ముట్టుకోకూడదండీ."

"ఇది సరుకు కాదయ్యా, నేను!"

వాడు వ్యాపారి వంక చూశాడు. వ్యాపారి పైకప్పు వంక చూశాడు.

నలభై ఒకటో నంబరు పాటకొచ్చింది. వ్యాపారికి ఒక అలవాటుంది. ఎంతవరకూ పాడాలో ముందే ఎడమ అరచేతిలో పెన్నుతో రాసుకుంటాడు. ఆ అంకె దాటితే చెయ్యి జేబులో పెట్టేసుకుంటాడు. ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా దాటలేదు. ముగ్గురు నలుగురు మధ్యలోనే తప్పుకున్నారు. చివరికి ఒక హోటలాయన మిగిలాడు. పక్కవాడితో, "లోపలికి రాగానే కనబడేలా గోడకి తగిలిస్తా. చక్రాలు తీసేస్తే తేలిగ్గా ఉంటుంది," అంటున్నాడు.

"గోడకి తగిలించడానికి అదేమన్నా క్యాలెండరా?" అంది ఆవిడ, అతనికి వినబడేలాగే.

పాట అరచేతిలోని అంకెకి చేరింది. వ్యాపారి చెయ్యి విప్పి చూసుకున్నాడు. తర్వాత ఆ అరచేతిని ప్యాంటుకి గట్టిగా తుడుచుకుని, నంబరు పలక పైకెత్తాడు. ఇంకోసారి ఎత్తాడు. ఆ పైన కూడా ఎత్తాడు. హోటలాయన తల అడ్డంగా ఊపి కూర్చున్నాడు.

"ఒకటోసారి... రెండోసారి... మూడోసారి!" సుత్తి పడింది.

"పలక ఇటివ్వండి. తొట్టి నేను పాడతా," అని ఆవిడ లాక్కుంది.

తొట్టికి అంత పోటీ ఉండదని వ్యాపారి లెక్క. లెక్క తప్పింది. పాత లారీ అవతల ఎవరో ఉన్నారు. మనిషి కనబడడు, పలక మాత్రం పైకి లేస్తుంది. ఈవిడ పెంచడం, అటు పలక లేవడం. ఊపిరి తీసుకునేంత సేపైనా ఆగడంలేదు.

"వాడు వ్యాపారి కాడు," అన్నాడు మొగుడు చెవిలో. "వ్యాపారి అయితే మధ్యలో ఆగి మనల్ని భయపెడతాడు. వీడెవడో మనసుపడ్డవాడు."

ధర ముందు అనుకున్నదానికి మూడింతలైంది. ఆవిడకి ఒళ్లు మండింది. ఎవడా మొండివాడు అని లేచి, లారీ చుట్టూ నాలుగడుగులు వేసి చూసింది. ఇస్త్రీ చొక్కా, సుద్దముక్క మరకల జేబు. తమ్ముడు.

"ఆపండి!" అని అరిచింది. "ఆ తొట్టి అమ్ముతున్నది వీడే! తన సరుకు ధర తనే పెంచుకుంటున్నాడు! అదీ సొంత అక్క మీద!"

వేలం మనుషుల్లో ఇంతకన్నా పెద్ద తిట్టు లేదు. పాట పాడేవాళ్లంతా గొణుగుడు మొదలెట్టారు. వేలందారు రిజిస్టరు తిప్పి, కళ్లద్దాలు సవరించుకున్నాడు. "అమ్మేవాడు తన సరుకుకి తను పాడకూడదు. నలభై రెండో నంబరు రద్దు. మీరు జరిమానా కట్టి, సరుకు తీసుకుని బయటికి వెళ్లండి."

"పెంచడానికి కాదండీ, కొనడానికి వచ్చాను," అన్నాడు తమ్ముడు నెమ్మదిగా.

"నీ వస్తువు నువ్వే కొంటావా? పిల్లలకి లెక్కలు చెబుతావు కదరా, ఇది ఏ తరగతి లెక్క?" అంది అక్క. నలుగురు నవ్వారు. తమ్ముడి మొహం నల్లబడింది.

* * *

గోదాము వెనక ఆవరణలోకి బండినీ తొట్టినీ తోసుకొచ్చి పడేశారు. ఎండ మండుతోంది. అక్కా తమ్ముడూ వాటికి చెరో పక్క నిలబడ్డారు.

"నేను పాడుతుంటే చూడలేదంటావా?" అంది ఆవిడ.

"లారీ అడ్డం. ఎవడో పట్టు వదలట్లేదని నాకు ఒళ్లు మండిపోయింది."

"ఆ ఎవడో నేనేరా! అసలు అమ్మడమెందుకు, మళ్లీ కొనడమెందుకు?"

"ఎందుకా?" తమ్ముడి గొంతు మొదటిసారి పెరిగింది. "చివరి రెండేళ్లు నాన్నని ఆ తొట్టిలో కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తిప్పింది నేను. షెడ్డు తలుపు తీస్తే ఆయనే కూర్చుని కనబడేవాడు. చూడలేకే అమ్మాను. బోల్టులు ఊడదీసి లారీ ఎక్కిస్తుంటే, తొట్టి ఒక్కటే ఒక పక్కకి ఒరిగిపోయింది. ఆరోజు నుంచి నిద్రలేదు. వెనక్కి అడిగితే ఇవ్వనన్నారు. తొట్టినైనా అందరిలాగే పాడి కొనుక్కుందామని వచ్చాను. నువ్వు నన్ను దొంగని చేశావు, పదిమందిలో!"

"నాకు చెప్పివుంటే..."

"నువ్వు అడిగావా? మూడేళ్లలో ఆ షెడ్డు తలుపు ఒక్కసారైనా తీశావా అక్కా?"

ఆవిడ నిన్నటి నుంచి అందర్నీ తూస్తూనే ఉంది. తను మాత్రం కాటా ఎక్కలేదు.

"తియ్యలేదు," అంది. "తియ్యకపోతే బండి లోపల లేదని, నాన్న దానిమీద పనికెళ్లాడని అనుకోవచ్చు కదా. అందుకని." కళ్లలోంచి కారిన నీళ్లు గబగబా కొంగుతో తుడిచేసుకుంది. "అయినా నువ్వు చెప్పకుండా అమ్మడం తప్పే!"

"తప్పే."

"పదిమందిలో అనడం నా తప్పు. తొట్టిలో ఏముందో సీటు ఎత్తి చూడు."

తమ్ముడు సీటు ఎత్తాడు. చాలాసేపు వంగే ఉండిపోయాడు. "పంతొమ్మిదేనా నేను?" అన్నాడు లోపలికి మొహం పెట్టుకునే.

ఈ లోపల కింద ఏదో చప్పుడైంది. వ్యాపారి వేలానికని వేసుకొచ్చిన తెల్లచొక్కాతోనే నేలమీద వెల్లకిలా పడుకుని, బండి కిందికి దూరిపోయాడు.

"ఆ చొక్కా!" అంది భార్య.

"చొక్కా సంగతి తర్వాత. విడగొట్టమని ఇలా పడుకునే చెప్పాను. ఆ డబ్బాలో బోల్టులివ్వు, నాలుగూ."

ఆవిడ ఒక్కొక్కటీ కొంగుతో తుడిచి అందించింది. తమ్ముడు తొట్టిని ఎత్తి పట్టుకున్నాడు. అరగంట పట్టింది. పని అయ్యాక వ్యాపారి పైకి లేచి, నూనె చేతులతోనే ఇంజను మీద ఒకసారి తట్టాడు. తమ్ముడు ఎక్కి తన్నాడు. నాలుగో తన్నుకి బండి అందుకుంది.

"గేటు దాటగానే మలుపు. తొట్టిలో చాలినంత బరువు ఉండాలి," అన్నాడు వ్యాపారి.

"సంచులున్నాయిగా బావా."

ఆవిడ సీటు ఎత్తి, 'అక్క' సంచిని రెండు చేతులా లాగి మొగుడి చేతుల్లో పడేసింది. అతను ఒక అడుగు వెనక్కి తూలాడు. 'తమ్ముడు' సంచిని కూడా తీసి, తను ఆపసోపాలు పడుతూ తొట్టిలోకి దిగి కూర్చుని, దాన్ని ఒళ్లో పెట్టుకుంది. ఒకప్పుడు ఇద్దరు పట్టిన చోట ఇప్పుడు ఆవిడ ఒక్కతే ఇరుకుగా పట్టింది.

తమ్ముడి పెదాలు కదిలాయి.

"నవ్వావో చూడు! నీమీద కోపం తగ్గి ఎక్కలేదు నేను. మలుపులో తొట్టి లేస్తుందని ఎక్కాను."

"సరే అక్కా."

"మెల్లగా పోనీ."

బండి గేటు దాటింది. మలుపు తిరిగింది. వ్యాపారి కళ్లు తొట్టి చక్రం మీదే ఉన్నాయి. అది నేలని వదలలేదు.

ఇక మిగిలింది అతను. అతని వ్యాను ఆవరణకి ఆ చివర ఉంది. వేలం నుంచి నష్టపోయి వెళ్లిన రోజులున్నాయి, లాభంతో వెళ్లిన రోజులున్నాయి. ఇరవై ఆరు కిలోల భార్యని భుజాన వేసుకుని, రొప్పుతూ వ్యాను దాకా మోసిన రోజు మాత్రం ఇదే మొదలు.