గంగులూ, దా బిడ్డా!

“మంట పెట్టు గంగులూ! జరంత పెట్టరాదూ!”

బడికి సెలవైన ఆ మధ్యాహ్నం, చేనులో ఎండలో నర్మద చాలాసేపటి నుంచి బతిమాలుతోంది. గంగులు ఒక కన్ను తెరిచాడు. నర్మదను చూశాడు. మళ్ళీ కన్ను మూసుకుని ఆవలించాడు. ఆ ఆవలింతలో కాస్త పొగ వచ్చింది కానీ మంట రాలేదు.

గంగులు ఒక అగ్గితొండ. మెట్‌పల్లి దగ్గర ఆ ఊళ్ళో కొందరి ఇళ్ళలో ఎద్దులతో పాటు అగ్గితొండ కూడా ఉండేది. దూడంత ఒళ్ళు, రాగి రంగు పొలుసులు, చాటల్లాంటి రెక్కలు. బళ్ళో ఇంగ్లిష్ సారు దాన్ని డ్రాగన్ అనేవారు. సారు ఏమన్నా అననీ, ఊరికి మాత్రం అది అగ్గితొండే. మంట కక్కేవాడికి గంగులు అని నీళ్ళ పేరు పెట్టింది నర్మద వాళ్ళ నాన్న, అంటే బాపు, హనుమండ్లు. కాలువ గట్టున గుడ్డు దొరికిందట, అందుకని.

అగ్గితొండకు ఒక్కరే మనిషి. గుడ్డు పగిలిన రోజు ఎవరి ఒడిలో నిద్రపోతే, వాళ్ళు పిలిస్తేనే మంట పెడుతుంది. గంగులు నిద్రపోయింది బాపు ఒడిలో. ఆ బాపు ఇప్పుడు దుబాయిలో ఉన్నాడు.

పోయిన వానాకాలంలో బాపు బస్సెక్కి వెళ్ళిపోయాడు. గంగులు బస్సు వెనకాలే చాలా దూరం ఎగిరి, రెక్కలు నొప్పి పుట్టి తిరిగి వచ్చాడు. ఆ తర్వాత రోజూ సాయంత్రం బస్సు హారన్ వినగానే బస్సు ఆగే స్టేజి దగ్గరికి పోయేవాడు. దిగినవాళ్ళందరినీ వాసన చూసేవాడు. పాపం, చూస్తుంటే నర్మదకు ఏడుపొచ్చేది. దీపావళి దాటాక మెల్లగా పోవడం మానేశాడు. ఇప్పుడు తింటున్నాడు, పడుకుంటున్నాడు. మంట మాత్రం పెట్టడు.

చేనులో పసుపు తవ్వడం అయిపోయింది. తవ్విన కొమ్ములను తొందరగా ఉడకబెట్టి ఎండబెట్టాలి. లేకపోతే పాడైపోతాయి. పెద్ద కడాయి కింద మంట గంటల తరబడి ఆరకుండా ఉండాలి. గంగులు మంట పెట్టినన్నాళ్ళూ కట్టెల అవసరం రాలేదు. ఇప్పుడేమో నర్మద ‘అవ్వ’ అని పిలిచే వాళ్ళమ్మ గుట్ట దాకా పోయి మోపులు మోసుకొస్తోంది. మెడ పట్టేసి రాత్రిళ్ళు మూలుగుతోంది.

ఆ రోజు కూడా అవ్వ కడాయిలో కొమ్ములు పోసి, నీళ్ళు నింపి, పైన ఆకులు కప్పి కట్టెలకు వెళ్ళింది. వచ్చేసరికి మంట మండుతుంటే ఎంత బాగుండు! నర్మదకు ఒక ఉపాయం తట్టింది. ఇంటికి పరుగెత్తింది.

ఉత్తరాల కన్నా క్యాసెట్లే ఎక్కువ వచ్చే రోజులవి. దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన సిద్దిరాములు కాక చేత బాపు ఒక టేప్ రికార్డర్, ఒక క్యాసెట్టు పంపించాడు. అందులో బాపు అందరినీ పేరుపేరునా పలకరించాడు. చివర్లో గంగులును కూడా మర్చిపోలేదు. “పసుపు దినాలు వచ్చినయ్ గదా. నేను గిట్ల పిలుస్తుంటి, యాదున్నదా నర్మదా?” అని నవ్వి గట్టిగా పిలిచాడు. ఆ పిలుపు ఎక్కడ వస్తుందో నర్మదకు బాగా తెలుసు. గంగులు మాత్రం ఇంతవరకూ అది వినలేదు.

కడాయి వెనక గోనెసంచి కింద టేప్ రికార్డర్ దాచి, బటన్ నొక్కింది.

“గంగులూ! ఓ గంగులూ! దా బిడ్డా, మంట పెట్టు!”

గంగులు ఒక్క గెంతు గెంతాడు. తోకతో నేలంతా ఊడ్చేస్తూ కడాయి దగ్గరికి ఉరికి వచ్చాడు. మెడ చాచి ఊదగానే మంట భగ్గుమంది. ఎంతసేపటికీ ఆపలేదు. ఎప్పుడూ ఇంత బాగా మంట పెట్టలేదేమో! పసుపు కుతకుతా ఉడికింది. చేనంతా కమ్మటి వాసన.

పని అయ్యాక గంగులు కడాయి చుట్టూ తిరిగాడు. చెట్టు వెనక చూశాడు. గోనెసంచి వాసన చూడబోతే నర్మద గబగబా వెళ్ళి దాని మీద కూర్చుంది.

అంతలో అవ్వ వచ్చింది. నెత్తి మీది మోపు దబ్బున కింద పడేసింది.

“ఎవరు మంట పెట్టిండ్రే దీని కింద?”

“గంగులు పెట్టిండు అవ్వా.”

“ఎవరు పిలిస్తే?”

నర్మద గోనెసంచి మీంచి లేవలేదు. “నేనే.”

అవ్వ రెండు చేతులతో ఆమె ముఖం పట్టుకుంది. “నిన్ను తన మనిషనుకున్నడు బిడ్డా! మీ బాపు ఈ ముచ్చట ఇంటే ఎంత సంబురపడునో!” అంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంత సంతోషంలో ఉన్న అవ్వకు నిజం చెప్పడానికి నర్మదకు నోరు రాలేదు.

మర్నాడు బడిలో అంతా అదే ముచ్చట. పక్కింటి వెంకటి అందరికీ చాటింపు వేశాడు.

“ఏం చేసినవే? మా అగ్గితొండకు నేను రొట్టె పెట్టినా నా దిక్కు సూడది!”

“ఏం చెయ్యలే. ఊకెనే పిలిచిన,” అంది నర్మద. అందరూ ఆమె పక్కన కూర్చోవాలని పోటీపడ్డారు. బాగానే ఉంది అనుకుంది.

ఆ సాయంత్రం అవ్వ ఇంట్లో వంట చేస్తుండగా నర్మద చేనులో రెండో కడాయికి కూడా అలాగే మంట పెట్టించింది. ఈసారి గంగులు చెట్టు వెనక వెతకలేదు. రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. దూరంగా బస్సు హారన్ వినిపించింది. గంగులు రెక్కలు విప్పి ఎగిరిపోయాడు.

రాత్రికి ఇంటికి రాలేదు. మర్నాడు పొద్దున అవ్వ స్టేజి దగ్గరికి రొట్టె తీసుకెళ్ళింది. దాన్ని అలాగే వెనక్కి తెచ్చింది.

“రొట్టె ముడుతలేడు బిడ్డా. వచ్చిన బస్సులన్నిట్ల తలపెట్టి సూస్తుండట. కండక్టరు పరేషానవుతుండు. మానిండు గదా, మళ్ల ఎందుకు షురువైంది వానికి? తినకపోతే బతుకుతడా!”

ఎందుకో నర్మదకు తెలుసు. ఆ రోజు బడిలో ఆమెకు ఒక్క పాఠం కూడా బుర్రకెక్కలేదు.

సాయంత్రం టేప్ రికార్డర్‌ను సంచిలో పెట్టుకుని స్టేజి దగ్గరికి వెళ్ళింది. బాపు గొంతు వింటే గంగులు ఇంటికి వస్తాడు, రొట్టె తింటాడు అనుకుంది. అప్పటికే అక్కడ అవ్వ, వెంకటి ఉన్నారు. గంగులు దుమ్ములో కూర్చుని ఉన్నాడు. రాగి రంగు పొలుసులు బూడిద రంగుకు తిరిగాయి.

“నీ మాట ఇంటడు గదా! పిలువు!” అన్నాడు వెంకటి.

“గంగులూ, దా బిడ్డా!” అని నర్మద తన గొంతుతోనే పిలిచింది.

గంగులు తల కూడా తిప్పలేదు. రోడ్డు వైపే చూస్తున్నాడు.

నర్మద సంచిలో చెయ్యి పెట్టింది. వేలు బటన్ మీదికి పోయింది. ఒక్కసారి నొక్కితే చాలు, వస్తాడు. వచ్చి మళ్ళీ చెట్ల వెనక వెతుకుతాడు. మళ్ళీ ఈ స్టేజి దగ్గరికే వస్తాడు. నర్మద వేలు తీసేసింది.

“అవ్వా, వాడు నేను పిలిస్తే రాలే,” అంది. సంచి తెరిచి టేప్ రికార్డర్ చూపించింది. “క్యాసెట్టు పెట్టిన. బాపు పిలిచిండనుకున్నడు.”

వెంకటి నోరు తెరుచుకుని చూశాడు.

“నన్ను గూడ మోసం చేస్తివి గదనే,” అంది అవ్వ. తిట్టినా అంత బాధ అనిపించేది కాదు నర్మదకు.

ఆమె వెళ్ళి గంగులు పక్కన దుమ్ములో కూర్చుంది. టేప్ రికార్డర్ మూత తెరిచి క్యాసెట్టు బయటికి తీసింది.

“గిందుల బాపు లేడు గంగులూ. గొంతే ఉన్నది. నిన్ను నేనే పిలిపించిన. తప్పయింది.”

గంగులు క్యాసెట్టు వాసన చూశాడు. నర్మద వేళ్ళు వాసన చూశాడు. మాటలు అర్థమయ్యాయో లేదో ఎవరికి తెలుసు!

“నాకు గూడ బాపు యాదికొస్తుండు,” అంది నర్మద. అలా అనగానే ఏడుపు ఆగలేదు. గంగులు కొంచెం జరిగి ఆమెకు ఆనుకుని కూర్చున్నాడు. ఒక బస్సు వచ్చి పోయింది. ఇంకోటి వచ్చి పోయింది. చివరి బస్సు కూడా పోయాక, అవ్వ తెచ్చిన రొట్టెను నర్మద అందిస్తే గంగులు సగం తిన్నాడు.

మర్నాడు ఆదివారం. మిగిలిన పసుపుకు నర్మద అవ్వతో పాటు గుట్టకు పోయి కట్టెలు మోసింది. వెంకటి కూడా ఒక మోపు తెచ్చాడు, దారిలో సగం కట్టెలు పారేసుకుంటూ. అగ్గిపుల్ల గీసి అవ్వే పొయ్యి ముట్టించింది. గంగులు దూరంగా పడుకుని అంతా చూశాడు. మంట పెట్టలేదు. పెట్టమని నర్మద కూడా అడగలేదు.

“ఇప్పుడన్న నీ మాట ఇంటుండా?” అన్నాడు వెంకటి.

“లే. నేనే వాని మాట ఇంటున్న.”

ఆఖరి కడాయి దించేసరికి పొద్దు వాలింది. బస్సు హారన్ వినిపించింది. గంగులు తల ఎత్తాడు. ముందు రోడ్డు వైపు, తర్వాత నర్మద వైపు చూశాడు.

నర్మద చేతులు దులుపుకుని లేచింది.

“ఇయ్యాల గూడ రాడు గంగులూ. బాపు వచ్చేది ఇంకో ఏడాదికి. అయినా పోదాం పా, సూసొద్దాం.”

ఇద్దరూ స్టేజి దగ్గరికి వెళ్ళారు. గంగులు దిగినవాళ్ళందరినీ వాసన చూశాడు. అంతసేపూ నర్మద అతని మెడ మీద చెయ్యి వేసి నిలబడింది. బస్సు పోయింది.

తిరిగి వచ్చేటప్పుడు మసక చీకటి పడింది. బాటంతా రాళ్ళు. నర్మద కాలికి ఒకటి తగిలి “అమ్మా!” అంది. గంగులు ఆగాడు. వెనక్కి తిరిగి చూశాడు. నోరు కొంచెం తెరిచి, దీపం వత్తంత చిన్న మంట పెట్టాడు.

ఆ మంటను అలాగే నోట పట్టుకుని ముందు నడిచాడు. ఆ వెలుగులో నర్మద ఇంటిదాకా నడిచింది.