ఎక్సలెంట్ రాకూడని చొక్కాలు

ఆ రోజు ఇంట్లో ఉన్నది ముగ్గురే. చొక్కాలకు గుండీలు కుట్టే ఇరవై మూడేళ్ల అమ్మాయి, ఊరికే కూర్చుంటే తోచని నాయనమ్మ, శనివారం శనివారం ఆ చొక్కాలు చూడటానికి వచ్చే కంపెనీ చెకర్. అమ్మాయిని ఇంట్లో గుండీ అనే పిలుస్తారు.

చెకర్ దగ్గర మూడు రకాల చీటీలుంటాయి: ఓకే, గుడ్, ఎక్సలెంట్. మొదటి రెండూ చొక్కాల కట్టకి ధారాళంగా గుచ్చుతాడు. మూడోది ఒక్కసారి వచ్చిందంటే ఆ ఇంటికి ఇక చెకింగే ఉండదు. పని మీద అంత నమ్మకమన్నమాట.

అందుకే గుండీ ఏడాదిగా, వారానికో చొక్కా మీద ఒక గుండీని ఎంతో శ్రద్ధగా వంకరగా కుడుతోంది.

ఈ వారం అతను పన్నెండు చొక్కాలూ చూశాడు. మళ్లీ చూశాడు. టేపు పెట్టి కొలిచాడు. కిటికీ దగ్గర, వాన వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు.

"ఒక్క తప్పూ లేదండీ," అన్నాడు, ఎవరో పోయారని చెప్పినట్టు.

గుండీ ముందుకు వంగింది. "సరిగ్గా చూడండి. ఆరో చొక్కా, రెండో గుండీ."

"అదా? పొద్దున నేనే విప్పి కుట్టానే," అంది నాయనమ్మ. "వంకరగా ఏడిసింది."

చెకర్ చీటీ గుచ్చాడు.

"దాని మీద ఏముంది బాబూ?"

"ఎక్సలెంట్ అని, మామ్మగారూ."

"అంటే?"

"ఇంక వేలెత్తి చూపడానికి ఏమీ లేదని."

"మంచి మాటేగా. మరి ఇద్దరి మొహాలూ అలా వేలాడుతున్నాయేం?"

అతను సంచీ తీసుకుని బయటికి నడిచాడు. చెప్పులు వేసుకోవడానికి అంతసేపు పట్టే మనిషిని గుండీ ఎక్కడా చూడలేదు. తనూ గుమ్మం దాటి చూరు కింద నిలబడింది.

"ఆ వంకర గుండీలు... నేనే, కావాలని."

"తెలుసు. కుట్టడం రానివాళ్లకి తప్పు అంత అందంగా రాదు. కంపెనీకి చేరేలోపు నేనే విప్పి కుట్టేవాణ్ణి. మొదట్లో సూది గుడ్డలోకంటే నా వేల్లోకే ఎక్కువ దిగేది."

గుండీ అతని వేళ్ల కొసల వైపు చూసింది.

"వచ్చే శనివారం మా అమ్మని తీసుకొస్తాను," అన్నాడతను వానలోకి దిగి నిలబడి. "చెకింగ్‌కి కాదు. మీకు ఇష్టమేనా?"

గుండీ వెనక్కి తిరిగి ఒక్క ఉదుటున ఇంట్లోకి పరుగెత్తబోయింది. గుమ్మంలో నాయనమ్మ అడ్డంగా నిలబడి ఉంది.

"నన్ను చూస్తావేమే? అడిగినవాడు అక్కడ తడుస్తున్నాడు. జవాబు చెప్పి రా," అంటూ గుండీ మొహం మీదే తలుపు వేసి, గడియ కూడా పెట్టేసింది.