ఐసు పొయ్యమన్న సారిక

సోలాపూర్ అశోక్ చౌక్‌లో చాయ్ తాగుతూనే ఏజెంట్ ప్రశాంత్ బ్రీఫింగ్ విన్నాడు. చెవిలో పల్లీ గింజంత ఇయర్‌పీస్. అవతల ఢిల్లీలో చీఫ్ మురళీధర్.

"సైన్యం గుడారాలకు బట్ట అక్కడే తయారవుతోంది. విదేశీ ముఠా అందులో సెల్యులేజ్ అనే ఎంజైమ్ కలిపింది. నూలు కుళ్లడానికి ఏళ్లు పడతాయి. ఈ ఉత్ప్రేరకం ఆ పని గంటల్లో కానిస్తుంది. మంచులో గుడారాలు చిరిగితే జవాన్లు బతకరు. సాయంత్రం లారీ కదిలేలోగా ఆపు. సారిక సాయం చేస్తుంది."

ఆ పేరు వినగానే ప్రశాంత్‌కు కొండంత ధైర్యం వచ్చింది. సారిక డిపార్ట్‌మెంట్‌లో ఎంజైముల నిపుణురాలు, అందగత్తె, ముఠాలో చేరి మనకు కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్. పైగా వచ్చే నెల అతనితో పెళ్లి.

బట్టకు గంజి పెట్టే మేస్త్రీ వేషంలో అక్కల్‌కోట్ రోడ్డు మిల్లులోకి దూరాడు. పెద్ద తొట్టిలో గోరువెచ్చని నీళ్లలో బట్ట నానుతోంది. పెన్నులో దాచిన సెన్సర్ ముంచాడు. ఎర్రలైటు వెలిగింది.

"దొరికింది సారికా. ఏం జెయ్యాలె?" ఇయర్‌పీస్‌లో ఆమెను అడిగాడు.

"ఐసు పొయ్యి. సల్లగైతే ఎంజైమ్ సస్తది. జల్దీ."

ఐసు దిమ్మలు పక్కనే సిద్ధంగా ఉన్నాయి. ఎత్తబోయి ఆగిపోయాడు. ట్రైనింగ్‌లో ఇదే సారిక బోర్డు మీద గీత గీసి మరీ చెప్పింది: చలికి ఎంజైమ్ వేగం తగ్గుతుందే తప్ప చావదు, మరిగిస్తేనే చస్తుంది. ఐసు పోస్తే బట్ట తనిఖీలో నిక్షేపంగా పాసవుతుంది. లారీలో ఎండకు వేడెక్కగానే ఎంజైమ్ మళ్లీ నూలును తినడం మొదలుపెడుతుంది.

అంత చదివిన మనిషి పొరబడదు. కళ్లు మూసుకుని నమ్మాడు ఆమెను.

"కాకా, స్టీమ్ మొత్తం ఇడువు," అన్నాడు బాయిలర్ దగ్గరున్న సిద్ధరాములుతో.

"గుడ్డ ముడుసుకపోతది బేటా. సేఠ్ బొబ్బలు వెడ్తడు."

"వెట్టనీ. జవాన్లు బత్కాలె."

బుస్సుమంటూ ఆవిరి కమ్మేసింది. బయట లారీ హారన్ కొట్టింది. తలుపు తోసుకుని సారిక వచ్చింది, చేతిలో పిస్టల్.

"బంద్ జెయ్ కాకా. కాలుస్త."

ఆవిరిచాటు నుంచి ప్రశాంత్ ఆమె మణికట్టు పట్టి మెలిపెట్టాడు. పిస్టల్ తొట్టిలో పడింది. నీళ్లు కుతకుతా మరిగాయి. సెన్సర్ మీద ఎర్రలైటు ఆరిపోయింది.

"ఎట్ల తెల్సింది నీకు?"

"నువ్వే నేర్పినవ్ గద. మంచిగ నేర్పినవ్. నన్నెందుకు మోసం జేసినవ్?"

ఆమె చూపు తొట్టిలో మునిగిన పిస్టల్ మీదకు పోయింది. అతను తువ్వాలుతో ఆమె చేతులు కట్టేశాడు.

"శభాష్ ప్రశాంత్," అన్నాడు చీఫ్ సంగతంతా విని. తర్వాత మెల్లగా అడిగాడు. "పెళ్లికని పెట్టిన సెలవు రద్దు చేయమంటావా?"

"ఉంచండి సర్. డ్యూటీలో ఏడవడానికి టైం దొరకదు."