ఫ్యాన్‌కు చుట్టుకున్న జుట్టు

ప్రత్తిపాడులో పదకొండేళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. పెట్టె మూత తీస్తే చాలు, వాడే మనిషి ఎంత శుభ్రంగా బతుకుతున్నాడో తెలిసిపోతుంది.

ఆ మధ్యాహ్నం మిర్చి కోల్డ్ స్టోరేజీ యజమాని ఫోన్ చేసి ఆఫీసుకు వెళ్లమన్నాడు. కంప్యూటర్ ఆన్ చేస్తే పది సెకన్లకే ఆగిపోతోందట. కెమెరా రికార్డింగులన్నీ అందులోనే ఉన్నాయి. గుమ్మం దగ్గర మహిమ నిలబడి ఉంది. అక్కడ మిరపకాయల తొడిమలు తీసే పిచ్చమ్మ కూతురు. పిచ్చమ్మ కనబడక నాలుగు రోజులైంది.

"అమ్మ చలిగదిలోంచి బయటికొచ్చిందో లేదో కెమెరాలో చూడాలన్నా" అంది.

"ఎవడితోనో పోయుంటుందిలే" అన్నాడు మేనేజర్ శివరామకృష్ణ, గుట్కా నములుతూ. గోడ మూలంతా అతని ఉమ్మే.

మూత తీశాను. మిరప దుమ్ము, గింజలు. ఫ్యాన్‌కు చుట్టుకుని జుట్టు... నెరిసిన, పొడుగాటి జుట్టు. తడిగా, జిగటగా, కుళ్లు వాసన. ఫ్యాన్ తిరక్కపోతే ప్రాసెసర్ వేడెక్కి ఆగిపోతుంది. మామూలే. అంతా లాగి కవర్లో వేసి, బ్రష్‌తో తుడిచి ఆన్ చేశాను.

పది సెకన్లు. ఆగిపోయింది.

మళ్లీ తీశాను. మళ్లీ అంతే జుట్టు. ఈసారి కుదుళ్లకు తెల్లటి చర్మం ముక్కలు...

"వదిలెయ్యి ఖాజావలీ... పారేద్దాం" అని గొణిగాడు శివరామకృష్ణ.

"మీరు బయటికెళ్లండి" అన్నాను.

వెళ్లాడు. ఫ్యాన్ తుడిచి ఆన్ చేశాను. పది... ఇరవై... ఆగలేదు.

చలిగదికి తాళం వేసేముందు లోపలికి తలపెట్టి మూడుసార్లు కేకెయ్యాలి. అది అక్కడి కట్టుబాటు. నాలుగు రోజుల కిందటి రికార్డింగులో శివరామకృష్ణ ఫోన్ చూసుకుంటూ వచ్చాడు. పిలవలేదు. తాళం వేశాడు. కాసేపటికి తలుపు లోపలినుంచి అదిరింది... చాలాసేపు అదిరింది. మర్నాడు అతనే తలుపు తీసి, లోపలికి చూసి, నోట్లోది ఉమ్మేసి, మళ్లీ తాళం వేశాడు.

పొరపాటు చేసినవాణ్ణి క్షమిస్తాను. ఆ ఉమ్మిని క్షమించలేను.

మహిమ గోడ మేకుకున్న తాళంచెవి లాక్కుని పరుగెత్తింది. బస్తాల మధ్య పిచ్చమ్మ ముడుచుకుని బిగుసుకుపోయి ఉంది.

తలమీద ఒక్క వెంట్రుక లేదు.

"అమ్మ జడ ఏదన్నా?..." అంది మహిమ, గుసగుసగా.

ఆఫీసుకు వచ్చాను. గుప్పెడు జుట్టు వేసిన కవర్ నిండుగా ఉబ్బి ఉంది. విప్పాను. నెరిసిన జుట్టు లేదు. అంతా పొట్టి, నల్ల జుట్టు... తడిగా. గుట్కా వాసన.

బయటికెళ్లిన శివరామకృష్ణను మళ్లీ ఎవరూ చూడలేదు.