ఒడ్డు దాటిన పసుపు చుక్క

అమావాస్యనాడు ప్లాటు చూడడానికి ఎవరూ రారు. పెత్రమాస, అదే పెద్దల అమావాస్య, అయితే ఇక చెప్పనే అక్కర్లేదు. మన్నెగూడ చౌరస్తాలో మా వెంచర్ ఆఫీసు ఆ రోజు ఖాళీగా ఉంది. గోడకు పెద్ద టీవీ, టేబుల్ మీద ఎవరూ ముట్టుకోని చాక్లెట్ల గిన్నె, నేను. మామూలు రోజుల్లో ఆ టీవీలో మా లేఅవుట్ తిరుగుతుంటుంది. రాళ్లూ తుమ్మచెట్లూ తప్ప ఇంకేమీ లేని నేల మీద పార్కులు, ఈతకొలనులు. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక జనానికి బొమ్మను చూసి నమ్మడం అలవాటైపోయింది. చూపించేది నేనే కాబట్టి నేను మాత్రం ఏ బొమ్మనూ నమ్మేదాన్ని కాదు.

ఆ రోజు టీవీ నిండా సముద్రం పెట్టుకుని కూర్చున్నాను.

చెన్నై నుంచి విశాఖ దాకా, తీరం వెంట, చిన్న తెరచాప పడవల పందెం. ఇంజను ఉండదు. పడవకు ఒక్కరే మనిషి. ఒక్కొక్కరి లైఫ్ జాకెట్ భుజానికి అగ్గిపెట్టెంత ట్రాకర్ కడతారు. ఆ మనిషి ఎక్కడుంటే అక్కడ మ్యాపు మీద ఒక రంగు చుక్క కదులుతుంది. ఇంట్లోవాళ్లం ఆ చుక్కనే చూస్తూ అన్నం తింటాం, చుక్కనే చూస్తూ పడుకుంటాం.

మా తమ్ముడు శ్రీపాల్‌ది పసుపు చుక్క.

ఇబ్రహీంపట్నంలో పుట్టినవాడికి సముద్రంతో పనేంటని మీరు నవ్వొచ్చు. మేమూ నవ్వాం. వాడు సర్కారు బడిలో చదివేటప్పుడు, హుస్సేన్‌సాగర్‌లో పడవలు నేర్పే క్లబ్బు వాళ్లు ఈత వచ్చిన పిల్లల కోసం వచ్చారు. మా పెద్దచెరువులో పొద్దంతా మునిగి తేలేవాణ్ని తీసుకుపోయారు. అప్పటినుంచి వాడికి గాలి తప్ప వేరే లోకం లేదు. ఎంత పొద్దుపోయి ఇల్లు చేరినా, గేటు తీస్తూనే, చెప్పులైనా విడవకముందే ఒకటే కేక. "ఏం కూర అమ్మా?" మా బాపు బుగ్గయ్య పోయాక ఇంట్లో మిగిలిన మగగొంతు అదొక్కటే. ఆ కేక వినపడితేనే మా అమ్మ అనంతమ్మ పొయ్యి దగ్గరినుంచి లేచేది.

ఆ పొద్దున వాడి చుక్క ఒంగోలు తీరానికి దూరంగా, అందరికంటే ముందు పోతోంది. టీ తెచ్చుకుని కూర్చునేసరికి ఆగిపోయింది.

గాలి పడిపోయిందేమో అనుకున్నాను. కానీ వెనకున్న చుక్కలన్నీ దాన్ని దాటి పోతున్నాయి. ఎరుపు పోయింది, ఆకుపచ్చ పోయింది. పసుపు మాత్రం గోడకు కొట్టిన మేకులా అక్కడే ఉంది. పందెం నడిపేవాళ్ల నంబరుకు ఫోన్ మీద ఫోన్ చేశాను. అలలు పెద్దగా ఉన్నాయి, వెతకడానికి పడవ పోయింది అన్నారు. ఆ తర్వాత ఎత్తడం మానేశారు. చాక్లెట్ల గిన్నెను అటు జరిపాను, ఇటు జరిపాను. చేతులకు ఏదో ఒక పని కావాలి. నాకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను, తెలియని సముద్రానికీ మొక్కాను.

మధ్యాహ్నం దాటాక చుక్క కదిలింది.

ఒడ్డువైపు వస్తోంది. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. వచ్చాడు, ఒడ్డుకు వచ్చాడు... ఇసుక దాకా వచ్చింది. ఇసుక దాటింది. అక్కడ ఆగలేదు. ఊళ్లు దాటింది, రైలు పట్టాలు దాటింది. ఏ తెరచాప పడవా పోనంత వేగంగా, నేల మీద, తిన్నగా మావైపు వస్తోంది.

అప్పుడు ఫోన్ మోగింది. పందెంలో కాపలా పడవ నడిపే రాజశేఖర్.

"మేడం, మీ తమ్ముడు దొరికాడండి. పడవ తిరగబడింది. చేపల వేటకెళ్లినవాళ్లు పైకి తీశారు. ఊపిరుంది, తెలివి లేదు. ఒంగోలు ఆస్పత్రికి తెచ్చాం."

"బండ్ల తీస్కపోతున్నరా? చుక్క కదులుతున్నది."

"ట్రాకర్ లేదండి. పట్టీ తెగిపోయి సముద్రంలో పడిపోయింది. జాకెట్టు నా చేతిలోనే ఉంది."

ఎవరికో దొరికి ఉంటుంది, కారులో వేసుకుని పోతున్నారు. నాకు నేనే చెప్పుకున్నాను, అచ్చం నా కస్టమర్లకు చెప్పినట్టే. ఒంగోలు పోవడానికి బండి మాట్లాడి, అమ్మను ఎక్కించుకుందామని స్కూటీ మీద ఇంటికి బయలుదేరాను. దారిలో ఆగి చూస్తే చుక్క మాచర్ల దాటి నాగార్జునసాగర్ దగ్గర కృష్ణ మీద ఉంది.

ఇంట్లో ఊదు పొగ. గుమ్మడికాయ కూర, గారెలు, మాంసం, అన్నీ వండి బాపు ఫొటో ముందు విస్తరి వేసి ఉంది. మా దగ్గర పెత్రమాస అంటే అంతే. పొద్దున పూజారి అయ్యగారికి పోయినవాళ్ల పేరు చెప్పి బియ్యం ఇస్తాం. పేరు చెప్పడమంటే పిలవడం. పిలిచినవాళ్లు దీపాలవేళకు వచ్చి తిని పోతారు.

అమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. తమ్ముడి సంగతి చెప్పాను. దొరికాడన్నా ఆమె ముఖం వికసించలేదు. నా చెయ్యి పట్టుకుంది.

"తప్పు చేసిన బిడ్డా."

"ఏం చేసినవ్?"

"పొద్దంత వాని పేరే నోట్ల నానుతున్నది. అయ్యగారు ఎవరి పేరు మీదమ్మా అన్నడు. మీ బాపు పేరు చెప్దామనే నోరు తెరిసిన... శ్రీపాల్ అన్న. ఆయన సదివిండు, నీళ్లిడిసిండు. గడప దిగినంక గని నాకు యాదికి రాలే."

"ఏ యాళ్లకు?"

చెప్పింది. నేను టీ తెచ్చుకుని కూర్చున్న వేళ.

నేను దెయ్యాలను నమ్మేదాన్ని కాదు. అయినా స్కూటీ మళ్లీ తీశాను. ఇచ్చిన బియ్యం తిరిగి తెచ్చుకుంటే పిలుపు కూడా తిరిగి వస్తుందేమోనని ఒక ఆశ. అయ్యగారి వసారాలో సంచులు నిండి ఉన్నాయి. విషయం విన్నాక ఆయన నాకేసి చూడలేకపోయాడు.

"అందరి బియ్యం ఒక్కతాననే పోసినమమ్మా. మీవి ఏవని ఏరిస్త?"

సంచిలో చెయ్యి పెట్టాను. సన్నవి, దొడ్డువి, రేషన్ బియ్యం, ఊరంతా కలిసిపోయి ఉంది. మోచేతి దాకా ముంచి పిడికిలి బిగించి తీశాను. ఏం చేయాలో తెలియక మళ్లీ అందులోనే వదిలాను.

ఆయన గొంతు తగ్గించాడు. "పిలిచినం గద, వస్తడు. ఇంట్ల మెతుకు ముడితె పెద్దల పంక్తిల కలిసినట్టే. ముట్టనియ్యకుండ్రి. ఆకలితోనే తిప్పి పంపుండ్రి. ఇంతకన్న నాకు తెల్వదు."

బయటికి వచ్చి ఒంగోలు బండిని ఆగమని ఫోన్ చేశాను. చుక్క మాల్ ఊరు దాటి, మా పక్కనున్న యాచారం మీద ఉంది.

వాన మొదలైంది. ఆ రోజే మొదలయ్యే ఎంగిలిపూల బతుకమ్మకు ఆడవాళ్లంతా పోయారు. మా గల్లీలో మనిషి లేడు. ఎక్కడో దూరంగా పాట, చప్పట్లు. వాన పెరిగి ఆ పాటా ఆగిపోయింది. ఇంట్లోకి దూరి తలుపు వేసి గడియ పెట్టాను. అయ్యగారు చెప్పిన మాట అమ్మకు చెప్పాను. కిటికీలు మూశాను. కరెంటు పోయింది. బాపు ఫొటో ముందు దీపం, నా చేతిలో ఫోను, అంతే వెలుతురు.

రాజశేఖర్ మళ్లీ చేశాడు. స్పీకరు పెట్టాను. "మేడం, నాడి పడిపోతోందండి. డాక్టర్లు చూస్తున్నారు. ఫోను ఉంచండి."

చుక్క పెద్దచెరువు మీద ఆగింది. చిన్నప్పుడు వాడు ఈత నేర్చుకున్న తూము దగ్గర. కాసేపు అక్కడే ఉంది. తర్వాత కట్ట దిగింది. బస్టాండు... మార్కెట్టు... మా గల్లీ మలుపు.

ముందు వాసన వచ్చింది. ఉప్పు, నాచు, పచ్చి చేప. మా ఊరికి సముద్రం ఎంత దూరమో మీకు తెలుసు. తర్వాత టపటపమని చప్పుడు. తడిసిన పెద్ద గుడ్డ గాలికి కొట్టుకుంటున్నట్టు. మా వాకిట్లో ఆరేసిన బట్టలేవీ లేవు.

గేటు కిర్రుమంది.

అడుగులు. చెప్పుల్లేని అడుగులు, నీళ్లు కారుతూ... తలుపు దాకా వచ్చి ఆగాయి.

"ఏం కూర అమ్మా?"

వాడి గొంతే. అలసిపోయి, చలికి వణుకుతూ. అమ్మ ఒక్క ఉదుటున లేచింది. నేను రెండు చేతులతో ఆమె నడుము పట్టుకున్నాను.

"ఇడువు. వాడు తడిసిండు."

"అమ్మా, వాడు దవాఖానల ఉన్నడు."

"ఆకలిగొన్నడే... పొద్దటిసంది ఏం తినలే."

"అక్కా," అన్నాడు బయటినుంచి. "జర తలుపు తియ్యి. మస్తు సలి పెడుతున్నది."

నా చేతులు వాటంతటవే సడలాయి. నిజం చెబుతున్నాను, నేనే తీసేదాన్ని. అమ్మ నన్ను ఈడ్చుకుంటూ తలుపు చేరి గడియ మీద చెయ్యి వేసింది. ఇనుము కదిలిన చప్పుడు...

"మేడం," ఫోనులో రాజశేఖర్ గొంతు. "నాడి అందట్లేదండి... దేవుణ్ని తలుచుకోండి."

అమ్మ చెయ్యి ఆగింది.

తలుపు కింద నుంచి నీళ్లు వస్తున్నాయి. సన్నగా, నేల మీద పాకుతూ, విస్తరివైపు. కొంగు గుంజి అడ్డం వేసి దాని మీద కూర్చున్నాను. చల్లదనం ఎముక దాకా పోయింది. బయట వాడు తలుపుకు నుదురు ఆనించినట్టున్నాడు. ఊపిరి చెక్క మీదే వినపడుతోంది.

"ఆకలైతున్నదమ్మా."

మా అమ్మ ఆ తలుపు అవతలికి వాణ్ని ఎప్పుడూ ఖాళీ కడుపుతో పంపలేదు. బాపు పోయిన నాడు కూడా పక్కింట్లోంచి తెచ్చి వాడికి ముద్ద పెట్టింది. ఆమె చెక్కకు ముఖం ఆనించింది. ఇవతల ఆమె, అవతల వాడు. బొటనవేలంత మందం చెక్క మధ్యలో.

"ఇయ్యాల ఏం వండలే బిడ్డా," అంది. గొంతులో తడి కూడా లేదు. "ఇంట్ల ఏం లేదు. పో."

వాన చప్పుడు.

"ఏం లేదా అమ్మా?"

"ఏం లేదు. పో నాయనా."

చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత అడుగులు మెల్లగా వెనక్కి పోయాయి. గేటు వేసిన చప్పుడు కూడా వినపడింది. వాడెప్పుడూ గేటు వేసి పోయేవాడు కాదు, దాని కోసం రోజూ నా చేత తిట్లు తినేవాడు. అమ్మ అక్కడే కుప్పకూలి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

ఫోనులో ఎవరో అరుస్తున్నారు. "మేడం... కళ్లు తెరిచాడండి."

శ్రీపాల్ ఇంటికి వచ్చాడు. చిక్కిపోయాడు తప్ప బాగానే ఉన్నాడు. సముద్రంలో ఏమైందో గుర్తు లేదన్నాడు. ఆస్పత్రిలోనూ ఎవరూ ఏమీ అడగలేదు, మేమూ చెప్పలేదు. తలుపు దగ్గర ఆ సాయంత్రం జరిగినదాని గురించి అమ్మ, నేను ఒకరితో ఒకరం కూడా మాట్లాడుకోలేదు. ఫోన్లో ఉన్న రాజశేఖర్‌కు వాన చప్పుడు తప్ప ఏదీ వినపడలేదట, నేనే అడిగి తెలుసుకున్నాను.

ఒక్కటే మారింది. వాడికి ఆకలి కావడం లేదు. గేటు తీసి లోపలికి వస్తాడు, గేటు వేస్తాడు, కాళ్లు కడుక్కుంటాడు, కూర్చుంటాడు. ఏం కూర అని అడగడు. అమ్మ వడ్డిస్తే మెతుకులు కెలికి లేస్తాడు. మందుల వల్ల అని డాక్టరు అన్నాడు. నేనూ అదే నమ్ముదామనుకున్నాను.

పందెం అయిపోయింది. మ్యాపు మీద చుక్కలన్నీ తీసేశారు. నిన్న ఆఫీసులో ఎవరూ లేనప్పుడు, ఎందుకో, ఆ పేజీ తెరిచాను. ఖాళీ సముద్రం. వేలితో జరుపుతూ జరుపుతూ ఇటు వచ్చాను. ఇబ్రహీంపట్నం పెద్దచెరువు మీద, తూము దగ్గర, పసుపు చుక్క.

సాయంత్రం ఇంటికి పోయేసరికి అమ్మ బెండకాయ కూర వేసి శ్రీపాల్‌కు వడ్డిస్తోంది. నేను పక్కన కూర్చున్నాను. వాన లేదు. గాలి లేదు. ఉప్పు వాసన వచ్చింది.

గేటు కిర్రుమంది.

"ఏం కూర అమ్మా?"

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. మేమిద్దరం తలుపువైపు చూడలేదు. మా ఎదురుగా పళ్లెం ముందు కూర్చున్న తమ్ముణ్ని చూశాం. వాడు తలెత్తలేదు. మెతుకులను వేలితో పళ్లెం అంచుకు తోస్తున్నాడు.

"ఏం వండలేదని చెప్పమ్మా," అన్నాడు మెల్లగా. "మొన్న గట్లనే అంటె పోయిండు గద."